స్టాంపు మూలన ఉండే ఆ అంకె కథ: అర్ధణా నుంచి ఐదు రూపాయల దాకా

1965 ఏప్రిల్ 5న నేషనల్ మారిటైమ్ డే పేరుతో తపాలా శాఖ ఒక స్టాంపు వేసింది. దాని మీద బొమ్మ జలఉష ఓడది, అంటే మన సింధియా దగ్గర షిప్‌యార్డులో కట్టి, 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా నీళ్ళలోకి దించిన ఎనిమిది వేల టన్నుల ఓడ. వైజాగ్‌లో పాత స్టాంపులు దాచుకునేవాళ్ళకి ఇది కాస్త సొంత స్టాంపు కింద లెక్క. ఆల్బమ్ తీసి చూపిస్తే ఓడ గురించి చెప్తారు, షిప్‌యార్డు గురించి చెప్తారు, దాన్ని పెట్టిన వాల్‌చంద్ హీరాచంద్ పేరు కూడా మధ్యలో వస్తుంది, కానీ మూలన ఉన్న 15 అనే అంకె మీద మాత్రం ఎవరి చూపూ ఆగదు. 15 పైసలు. 10 కాదు, 20 కాదు, 25 కాదు. ఎందుకని?

జవాబు చాలా సింపుల్. అప్పట్లో దేశంలో మామూలు ఉత్తరం రేటు 15 పైసలు. కవరు మీద ఒక్క స్టాంపు అంటిస్తే ఉత్తరం పోవాలి, ఆ ఒక్క స్టాంపు ఇదే అయితే ఎక్కువ కవర్ల మీద తిరుగుతుంది, ఎక్కువ మంది చూస్తారు, అందుకని స్మారక స్టాంపులు చాలావరకు ఆ రోజు నడుస్తున్న ఉత్తరం రేటుకే వేస్తారు. స్టాంపు మీద అంకె ఆ బొమ్మ విలువ కాదు, ఆ స్టాంపు చేయించే పని విలువ.

నమ్మకం కుదరకపోతే మనవాళ్ళ స్టాంపుల్నే వరసలో పెట్టి చూడొచ్చు. త్యాగయ్యకి 1961లో వేసింది 15 నయాపైసలు. కందుకూరి వీరేశలింగానికి 1974లో 25 పైసలు. మన ఏజెన్సీలో పోరాడిన అల్లూరి సీతారామరాజుకి 1986లో 50 పైసలు. పొట్టి శ్రీరాములుకి, ఎన్టీఆర్‌కి ఇద్దరికీ 2000లో మూడేసి రూపాయలు. ఘంటసాలకి 2003లో ఐదు రూపాయలు. ఇది చూసి త్యాగయ్య కంటే ఘంటసాల ముప్పై మూడు రెట్లు ఎక్కువా అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది గానీ, ఈ ఆరు స్టాంపులూ పక్కపక్కన పెడితే నలభై ఏళ్ళ ఉత్తరం రేట్ల పట్టిక రెడీ, వేరే పుస్తకం అక్కర్లేదు. తేడా కొట్టేవి కూడా ఉంటాయి, కందుకూరితో కలిపి వేసిన సెట్‌లోనే టిప్పు సుల్తాన్ 50 పైసలు, మాక్స్ ముల్లర్ రూపాయి. అంటే టిప్పు గొప్పని కాదు, బరువు ఎక్కువున్న కవర్లకీ పెద్ద రేట్లు పడేవాటికీ కూడా స్టాంపులు కావాలి కదా, సెట్‌లో తలా ఒక పని పంచారన్నమాట.

ఈ లెక్క మొదలైంది 1854లో, అంతకుముందు ఉన్నది అర్థమైతేనే దాని విలువ తెలుస్తుంది. పాత పద్ధతిలో ఉత్తరం ఖర్చు దూరాన్ని బట్టి, బరువుని బట్టి ఉండేది. 1774లో వారెన్ హేస్టింగ్స్ కంపెనీ తపాలాని జనానికి తెరిచినప్పుడు వంద మైళ్ళకి రెండణాలు, దానికి రాగి బిళ్ళలు కూడా వేశారు, అవి ముందే కొని ఇస్తే చాలు, ఓ రకంగా స్టాంపుకి తాత లాంటివి. తర్వాత కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువు ఉత్తరానికి ఒక రూపాయి పడే రోజులొచ్చాయి. రూపాయి అంటే పదహారణాలు, ఆ రోజుల్లో చిన్న సొమ్మేం కాదు. గుమాస్తా దూరం చూసి, బరువు చూసి, లెక్క కట్టి చెప్తే ఇవ్వాలి, అది సరైన లెక్కో కాదో తేల్చుకునే దారి మామూలు మనిషికి ఉండేది కాదు.

ఇంగ్లండులో 1840 మే నెలలో ప్రపంచంలోనే మొదటి తపాలా స్టాంపు పెన్నీ బ్లాక్ వచ్చి దూరం గొడవ తీసేసింది. మన దేశంలో స్టాంపు అనేది మొదట సింధ్‌లో కనపడింది, 1852 జులై 1న, కరాచీలో ఉన్న సింధ్ కమిషనర్ బార్టిల్ ఫ్రేర్ వేయించిన సిండే డాక్, రేటు అర్ధణా. గవర్నర్ జనరల్ డల్హౌసీ హయాంలో 1854 అక్టోబర్ 1 నుంచి దేశం మొత్తానికీ ఒకటే రేటు అయింది, దూరం ఎంతైనా సరే పావు తులం లోపు ఉత్తరానికి అర్ధణా, అర తులానికి అణా, తులానికి రెండణాలు, ఒకటిన్నర తులానికి మూడణాలు, రెండు తులాలకి నాలుగణాలు. స్టాంపులు మాత్రం నాలుగే వేశారు: అర్ధణా, అణా, రెండణాలు, నాలుగణాలు. మూడణాల స్టాంపు లేదు, ఎందుకంటే అణా ప్లస్ రెండణాలు అంటిస్తే సరిపోతుంది. కిరాణా కొట్టులో తూకం రాళ్ళు ఎలా ఉంటాయో అలాగే, ఒకదానికి ఒకటి రెట్టింపు, నాలుగు రాళ్ళతో ఏ బరువైనా తూచొచ్చు. స్టాంపు డినామినేషన్ల వెనక ఉన్న తెలివి అంతా ఇక్కడే ఉంది, తర్వాత వందేళ్ళు చేసింది దీని మీద సర్దుబాట్లే.

పావు తులం అంటే ఎంతో ఒకసారి చూడాలి. తులం 11.66 గ్రాములు (ఇప్పుడు బంగారం కొట్లో రౌండుగా పది అంటున్నారు గానీ), అందులో పావు అంటే 2.9 గ్రాములు. ఇప్పుడు ఏ జిరాక్స్ షాపులో అయినా దొరికే 75 జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కటే దాదాపు 4.7 గ్రాములు తూగుతుంది, కవరు కూడా లేకుండా. అంటే 1854లో ఆ కాగితం ఒక్కటి పంపాలన్నా అర్ధణా చాలదు, అణా కట్టాల్సిందే. పల్చటి కాగితం మీద సన్నటి అక్షరాలతో అంచుల దాకా రాసి, కవరు లేకుండా మడిచి పంపడం పిసినారితనం కాదు, బరువు లెక్క.

ఆ అర్ధణా ఎంతకాలం ఉందంటే 1922 దాకా, అరవై ఎనిమిదేళ్ళు! పెరగకపోవడమే కాదు, నిజానికి తగ్గింది, కాకపోతే స్టాంపు మీద అంకెలో కాదు, తూకంలో. 1869లో అదే అర్ధణాకి అర తులం, 1905లో ముప్పావు తులం, 1907లో పూర్తి తులం. స్టాంపు అదే, అది మోసే బరువు నాలుగింతలు. ఇప్పుడు సబ్బుల కంపెనీలు, బిస్కెట్ల కంపెనీలు రేటు అలాగే ఉంచి లోపల సరుకు తగ్గిస్తుంటాయి, ఇది సరిగ్గా దానికి రివర్స్. కేవలం స్టాంపు మీద అంకె చూసి రేటు కదల్లేదు అనుకుంటే ఈ సంగతి దొరకదు, అందుకే పాత రేట్లు చెప్పేటప్పుడు ఎంత బరువుకి అన్నది చెప్పకపోతే ఆ లెక్కకి అర్థం లేదు.

దీనికంటే చవగ్గా 1879 జులై 1న పోస్టుకార్డు దిగింది, పావణా, అంటే మనవాళ్ళ లెక్కలో ఒక కాణీ. కాణీ ఖర్చు లేకుండా అని ఇప్పటికీ అంటాం కదా, ఆ కాణీయే. ఉత్తరాంధ్రకి ఈ కాణీ కార్డు వేరే రకంగా ముఖ్యం. మన వైపు నుంచి, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి, వేలమంది రంగం పోయేవాళ్ళు, రంగం అంటే రంగూన్, మిల్లుల్లో రేవుల్లో కూలికి. బర్మా అప్పట్లో ఇండియా తపాలాలోనే ఉండేది, కాబట్టి రంగం నుంచి వచ్చే కార్డుకీ పక్క ఊరి నుంచి వచ్చే కార్డుకీ రేటు ఒకటే, సముద్రం దాటొచ్చినా ఫారిన్ కాదు. ఇది 1937 ఏప్రిల్ 1 దాకా నడిచింది, ఆ రోజు బర్మా విడిపోయింది, మొదట మన ఐదో జార్జి స్టాంపుల మీదే బర్మా అని అచ్చేసి అమ్మారు. ఆ నల్ల అక్షరాల ఓవర్‌ప్రింట్ ఒక్కటి కొట్టేసరికి, నిన్నటి దాకా ఇంటి మనిషి ఉత్తరంగా వచ్చింది పరాయి దేశం ఉత్తరం అయిపోయింది.

స్టాంపు అంటించకపోతే ఏమయ్యేది అన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1854 చట్టం ప్రకారం డబ్బు కట్టకుండా వేసిన ఉత్తరం తీసుకునేవాడి దగ్గర డబుల్ వసూలు చేసేవాళ్ళు. అదే బేరింగ్ ఉత్తరం, పాతవాళ్ళందరికీ తెలిసిన మాటే. తగినంత అంటించకపోయినా అంతే, తక్కువైనదానికి రెట్టింపు కట్టాలి. పంపినవాడి బద్ధకానికి అందుకున్నవాడు జరిమానా కట్టడం ఏం న్యాయమో గానీ, స్టాంపు అలవాటు చేయించింది మాత్రం చాలావరకు ఈ డబులే.

1922లో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఖర్చులు పెరిగి లోటు పడ్డంతో ఉత్తరం అణా అయింది, కార్డు అర్ధణా అయింది, రెండూ ఒక్కసారి డబుల్. అక్కడి నుంచి చిల్లర అంకెలు మొదలవుతాయి. 1931 డిసెంబర్‌లో ఉత్తరం అణా పావు, కార్డు ముప్పావణా అంటే తొమ్మిది పైలు. అణాకి పన్నెండు పైలు, రూపాయికి నూట తొంభై రెండు. ఇంత చిన్న మెట్లు ఉన్నాయి కాబట్టే సర్కారుకి కాస్త కాస్త పెంచే వీలు దొరికింది, అణా నుంచి నేరుగా రెండణాలకి దూకకుండా మధ్యలో పావు, అర ఆగుతూ పోయారు.

రేటు మారినప్పుడల్లా ఒక సమస్య వచ్చిపడేది. కొత్త రేటుకి స్టాంపు ఉండదు, పాత రేటు స్టాంపులు బీరువాల నిండా ఉంటాయి. నాసిక్‌లో సెక్యూరిటీ ప్రెస్ స్టాంపులు వెయ్యడం 1926లో మొదలైంది, అంతకుముందు డెబ్భై ఏళ్ళు లండన్ డి లా రూ కంపెనీ నుంచి ఓడల్లో రావాలి, రేటు మార్చినంత తేలిగ్గా స్టాంపు మార్చలేరు. దాంతో ఉన్నవాటి మీదే కొత్త అంకె అచ్చుకొట్టి అమ్మేవాళ్ళు. 1921లో అణా స్టాంపుల మీద తొమ్మిది పైలు అని ఇంగ్లీషులో రెండు మాటలు వేశారు, ఆ హడావుడిలో కొన్నిటి మీద నైన్ పైస్ బదులు నైన్ నైన్ అని, కొన్నిటి మీద పైస్ పైస్ అని పడింది. స్టాంపులు దాచుకునేవాళ్ళు వాటి కోసం కళ్ళు కాయలు కాసేలా వెతుకుతారు. 1946లో ఇంకోటి, అణా పావు స్టాంపు మీద మూడు పైలు అని వేశారు, ఒకప్పుడు ఉత్తరాన్ని ఒంటిచేత్తో మోసిన స్టాంపు చివరికి పక్కన తోడుగా అంటించే చిల్లర స్టాంపు అయింది. స్టాంపుకి కూడా రిటైర్మెంట్ తర్వాత చిన్న ఉద్యోగం అన్నమాట.

స్వతంత్రం వచ్చాక వేసిన మొదటి మూడు స్టాంపులు ఈ కోణంలో చూస్తే భలే ఉంటాయి. 1947 నవంబర్ 21న జెండా బొమ్మతో మూడున్నర అణాలది, డిసెంబర్ 15న అశోకుడి సింహాలతో ఒకటిన్నర అణాది, విమానం బొమ్మతో పన్నెండణాలది. అంకెలు చూసి ఏదో గజిబిజిగా వేశారు అనిపిస్తుంది. కానీ ఒకటిన్నర అణా దేశంలో ఉత్తరానికి, మూడున్నర విదేశానికి, పన్నెండు విదేశానికి విమానంలో. జెండా స్టాంపు విదేశాలకి పోయేది కావడం ఊరికే జరిగింది కాకపోవచ్చు, బయట దేశాల వాళ్ళు ముందు చూడాల్సింది జెండాయే కదా అనిపిస్తుంది. మర్నాటి ఏడాది ఆగస్టు 15కి, అంటే 1948లో, గాంధీ స్టాంపులు స్విట్జర్లాండ్‌లో కూర్వోసియే ప్రెస్‌లో అచ్చయి వచ్చాయి, వాటిలోనూ మొదటి మూడూ అవే, ఒకటిన్నర, మూడున్నర, పన్నెండు. నాలుగోది మాత్రం పది రూపాయలు. ఆనాటి లెక్కలో వందకి పైగా ఉత్తరాలు పంపొచ్చు ఆ ఒక్క స్టాంపుతో. అది ఉత్తరాల కోసం వేసింది కాదు, పెద్ద పార్సిళ్ళకి పనికొచ్చినా ఎక్కువగా దాచుకునేవాళ్ళ కోసమే అనుకోవాలి, దాని ధర ఇప్పుడు ఎక్కడికి పోయిందో స్టాంపులమ్మేవాళ్ళని అడిగితే చెప్తారు.

1957 ఏప్రిల్ 1 దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే స్టాంపుల అంకెలు ఇంతలా తలకిందులైన రోజు ఇంకోటి లేదు. రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చాయి. పదహారు తేలిగ్గా సగాలయ్యే అంకె, అర్ధణా, అణా, బేడ (రెండణాలు), పావలా, అర్ధరూపాయి అన్నీ మడత పెట్టినట్టు సగాలు సగాలుగా వస్తాయి. వందని అలా మడిస్తే పావలా దగ్గర బాగానే ఉంటుంది, 25, దాని కిందకి పోతే బేడ 12.5, అణా 6.25, అర్ధణా 3.125. అరపైసా అంటూ నాణెం లేదు కాబట్టి ఎటో ఒకవైపు జరపాలి. సర్కారు మార్పిడి పట్టికలో రెండణాలకి 12 నయాపైసలు, కానీ రెండణాల ఉత్తరానికి కొత్త స్టాంపు 13 నయాపైసలది. ఇండియా మ్యాప్ బొమ్మతో వచ్చిన ఆ సిరీస్‌లో 1, 2, 3, 5, 6, 10 తర్వాత 13 ఎందుకుందో తెలీక చాలామంది బుర్ర గోక్కుంటారు, అది బేడకి వేసిన కొత్త చొక్కా, సైజు కాస్త పెద్దదైంది అంతే. ముప్పావణా కార్డు 4.69 అవ్వాలి, 5 అయింది. ఒకటిన్నర అణా ఇన్‌లాండ్ లెటర్ 9.375 అవ్వాలి, 10 అయింది. అన్నీ పైకే పోయాయి చూడండి, కిందకి ఒక్కటీ రాలేదు. కార్డుకి పైసాలో మూడో వంతు తేడా కూడా లేకపోవచ్చు, కానీ దేశం మొత్తం మీద ఎన్ని కార్డులో కదా.

13 ఎక్కువ రోజులు నిలబడలేదు, అదే ఏడాది ఆగస్టు 15న ఝాన్సీ లక్ష్మీబాయి స్టాంపు వచ్చేసరికి ఉత్తరం 15 నయాపైసలు. అణాల లెక్క తెచ్చిన వంకర అంకె పోయి అందరికీ నోటికి తిరిగే అంకె వచ్చింది. 1964లో నయా అన్న మాట తీసేశారు, ఉత్తరం 15 పైసల దగ్గరే ఉంది, జలఉష మీద 15 అదే.

మధ్యలో ఒకసారి స్టాంపు ఉత్తరం పని కాకుండా వేరే పని చేసింది. 1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షల మంది కాందిశీకులు వస్తే వాళ్ళ ఖర్చు కోసం నవంబర్ 15 నుంచి ఉత్తరాల మీద అదనంగా 5 పైసల రెఫ్యూజీ రిలీఫ్ స్టాంపు అంటించాలన్నారు. కొత్త స్టాంపు వచ్చేలోపు, కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న 5 పైసల స్టాంపు మీద రెఫ్యూజీ రిలీఫ్ అని అచ్చేసి ఇచ్చారు. చాలాచోట్ల ఆ అచ్చు కూడా లోకల్‌గానే కానిచ్చారు, అందుకే అక్షరాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. డిసెంబర్ 1న దానికంటూ సొంత స్టాంపు వచ్చింది. 1973 ఏప్రిల్ 1కి తీసేశారు. ఆ ఏడాదిన్నర కాలం కవర్లు దొరికితే చూడండి, ఒక స్టాంపు ఉత్తరాన్ని మోస్తుంటుంది, పక్కనున్న చిన్నది యుద్ధాన్ని మోస్తుంటుంది.

రెవెన్యూ స్టాంపు సంగతి కూడా ఒక ముక్క. 1906 నుంచి అర్ధణా, అణా స్టాంపుల మీద పోస్టేజ్ అండ్ రెవెన్యూ అని రాసేవాళ్ళు, అదే స్టాంపు ఉత్తరానికీ పనికొచ్చేది, రసీదు మీద సంతకానికీ పనికొచ్చేది. ఇప్పుడు రసీదుకి వేరే స్టాంపు, 5000 రూపాయలు దాటితే ఒక రూపాయిది.

ఇక ఎనభైల నుంచి రేట్లు పరుగే. 1986లో అల్లూరి మీద 50 పైసలు ఉన్నది 2003లో ఘంటసాల దగ్గరికి వచ్చేసరికి ఐదు రూపాయలు, పదిహేడేళ్ళలో పదింతలు. అర్ధణా అణా కావడానికి అరవై ఎనిమిదేళ్ళు పట్టిందని గుర్తుపెట్టుకుంటే ఇది ఎంత స్పీడో తెలుస్తుంది. కానీ అదే టైములో పోస్టుకార్డు 15 పైసల నుంచి 50 పైసలకి వెళ్ళింది, మూడింతలు దాటి కాస్త. ఒకే డిపార్ట్‌మెంటు, ఒకే పోస్ట్‌మ్యాన్, ఒకే సంచి, మరి ఈ తేడా దేనికి?

దీనికి జవాబు చట్టంలో ఉంది. 1898 నాటి పోస్టాఫీసు చట్టానికి ఒక షెడ్యూల్ ఉండేది, కార్డు, ఉత్తరం రేట్లు అందులో రాసి ఉండేవి. అవి మార్చాలంటే పార్లమెంటులో ఫైనాన్స్ బిల్లుతో మార్చాలి. అందుకే బడ్జెట్ మర్నాడు పేపర్లో సిగరెట్లు, పెట్రోలుతో పాటు కార్డూ కవరూ రేట్లు కూడా వచ్చేవి. కార్డు పెంచితే పేదవాడి మీద పెంచినట్టే అని సభలో గొడవ, ఉత్తరం పెంచితే కాస్త తక్కువ గొడవ. నష్టమొచ్చినా కార్డు జోలికి పోకుండా కవరు మీద, రిజిస్టర్ మీద లాగారు. అదొక్కటే కాకుండా కార్డులోనే పక్కదారులు వెతికారు. టీవీలో క్విజ్ ప్రోగ్రాములకి జనం 15 పైసల కార్డుల మీద లక్షలకి లక్షలు జవాబులు పంపుతుంటే, అలాంటివాటికి వేరే కాంపిటీషన్ కార్డు పెట్టి రెండు రూపాయలన్నారు, తర్వాత అది పది రూపాయలైంది. ఇంకోవైపు అడ్రసు పక్కన యాడ్ వేసి మేఘదూత్ కార్డు పావలాకే ఇచ్చారు, యాడ్ ఇచ్చినవాడు విడిగా డబ్బు కట్టేవాడు. మామూలు కార్డు 50 పైసలు, క్విజ్ కార్డు పది రూపాయలు, యాడ్ కార్డు పావలా, మూడింటిలో కాగితం దాదాపు అదే. చూస్తే ఇది సినిమా హాలు టికెట్ల లెక్కలా ఉంది, ఎవడు ఎంత ఇవ్వగలడో వాడి దగ్గర అంత.

ఇక్కడో తమాషా. 2011 జూన్ 30 తర్వాత పావలా, దాని కింది నాణేలు చెల్లవన్నారు. అర్ధరూపాయి నాణెం మాత్రం చట్టం ప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది. కానీ వైజాగ్‌లో ఆటోలో గానీ రైతుబజార్లో గానీ అర్ధరూపాయి ఇచ్చి చూడండి, ఏ గ్రహం నుంచి దిగావ్ అన్నట్టు చూస్తారు. సో పోస్టుకార్డు రేటు ఎంత అంటే 50 పైసలు, ఒక్కటి కొనగలమా అంటే కొనలేం, రెండు తీసుకుని రూపాయి ఇవ్వాలి. నాణెం చచ్చిపోయాక కూడా రేటు బతికే ఉంది.

ఉత్తరం ఐదు రూపాయల దగ్గర ఇరవై ఏళ్ళకి పైగా ఆగిపోవడాన్ని కూడా అర్ధణా ఆగిన అరవై ఎనిమిదేళ్ళతో కలిపి చూడకూడదు. అప్పుడు ఆపింది కావాలని, ఉత్తరాలు పెరగాలని, పెరిగాయి కూడా. ఇప్పుడు ఆగింది ఎవరూ పట్టించుకోక. ఐదు ఏడు చేసినా వచ్చే డబ్బు పెద్దగా లేదు, రాసేవాళ్ళే లేరు. రేటు స్థిరంగా ఉందంటే అది ఆరోగ్యమో కాదో పక్కన ఉత్తరాల సంచి చూసి చెప్పాలి.

అమెరికాలో వేరే కథ, అక్కడ రేటు ఊరుకోదు. 1978లో కొత్త రేటు ఎంతో తేలకముందే స్టాంపులు అచ్చెయ్యాల్సొచ్చి అంకె లేకుండా ఉత్త ఏ అక్షరం వేసి వదిలారు, అది 15 సెంట్లు అయింది. తర్వాత బీ, సీ, డీ, ఈ, అలా హెచ్ దాకా పోయింది. 1991లో ఎఫ్ వచ్చినప్పుడైతే, పాత 25 సెంట్ల స్టాంపు ఉన్నవాళ్ళు తేడా కట్టడానికి ఇంకో చిన్న స్టాంపు వేశారు, దాని మీద బొమ్మ లేదు, ఇంకో 25 సెంట్లు కలిపితే ఇది ఎఫ్ స్టాంపుతో సమానం అని ఒక పెద్ద వాక్యం మాత్రం రాశారు. చివరికి 2007లో విసిగిపోయి ఫరెవర్ అన్నారు, అంకె లేదు, ఎప్పుడు కొన్నా ఎప్పుడు అంటించినా ఒక ఉత్తరం. అప్పుడు 41 సెంట్లకి కొన్నది 2025లో రేటు 78 సెంట్లు అయ్యాక కూడా చెల్లుతుంది. బ్రిటన్ 1989లోనే ఫస్ట్, సెకండ్ అని వేసి అంకె తీసేసింది. మన దగ్గర ఆ అవసరం రాలేదు, అంకె కదిలితే కదా.

మన దగ్గర అంకెకి వేరే రకంగా విలువ పోయింది. మై స్టాంప్ అని 2011 నుంచి ఉంది, మన ఫోటో ఇస్తే ఐదు రూపాయల స్టాంపు పక్కన వేసి పన్నెండు స్టాంపుల షీటు ఇస్తారు, రేటు 300 రూపాయలు, అంటించడానికి పనికొచ్చేది 60 రూపాయల సరుకు. అదే ఏడాది ఖాదీ బట్ట మీద అచ్చేసిన గాంధీ స్టాంపు వచ్చింది, మీద 100 రూపాయలని ఉంటుంది, అమ్మింది 250కి. పెళ్ళికీ షష్టిపూర్తికీ మై స్టాంప్ వేయించుకునేవాళ్ళకి అది ఉత్తరం మీద వెయ్యాలన్న ఆలోచనే రాదు, ఫ్రేము కట్టి గోడకి పెడతారు. తప్పేం లేదు లెండి, డిపార్ట్‌మెంటుకి అదే లాభం, అమ్ముడైన స్టాంపు మోయాల్సిన ఉత్తరమే లేదు.

2023లో కొత్త పోస్టాఫీసు చట్టం వచ్చి, 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. రేట్ల షెడ్యూల్ చట్టంలోంచి పోయింది, ఛార్జీలు డైరెక్టర్ జనరల్ రెగ్యులేషన్స్‌తో పెట్టుకోవచ్చు, బడ్జెట్ రోజు సభలో కార్డు మీద గొడవకి ఇక తావు లేదు. 2025లో రిజిస్టర్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు, అదే ఏడాది అక్టోబర్ నుంచి కొత్త రేట్లు. 50 గ్రాముల లోపు అయితే లోకల్‌కి 19 రూపాయలు, ఊరు దాటితే ఎక్కడికైనా 47. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాకకి 19, పక్కనే ఉన్న విజయనగరానికి 47, ఢిల్లీకీ అదే 47. 50 గ్రాములు దాటిందా, 200 కిలోమీటర్లకొకటి, 500కొకటి, వెయ్యికొకటి, రెండు వేలకొకటి అని దూరం మెట్లు మళ్ళీ మొదలు. 1854లో డల్హౌసీ తీసేసిన దూరం కంప్యూటర్‌లోంచి వెనక్కి వచ్చి కౌంటర్లో కూర్చుంది, కాకపోతే ఇప్పుడు లెక్క కట్టేది గుమాస్తా కాదు, పిన్‌కోడ్.

ఆ 47 మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 55 రూపాయల 46 పైసలు తేలుతుంది. ఆ 46లో చివరి ఆరు పైసలు ఇవ్వడానికి చిల్లర నాణేలు పోయి ఎన్నో ఏళ్ళైంది. అణాని 6 నయాపైసలు చేసిన మ్యాప్ సిరీస్‌లో సరిగ్గా 6 స్టాంపు ఉండేది, దాన్నిప్పుడు పోస్టాఫీసు కౌంటర్లో అడిగితే ఇవ్వరు, స్టాంపులమ్మేవాడి దగ్గర ఆల్బమ్‌లో జలఉషకి రెండు పేజీల ముందు ఉంటుంది.